అర్జీ నుంచి అప్పంపల్లి దాకా

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవం జరుపుకుంటున్న వేళ ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని మిత్రులు అడిగారు. చదువుకున్న బడిలోనే కొన్నేళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పే అదృష్టం దక్కినవాణ్ణి కాబట్టి కాదనలేకపోయాను. ఏం రాయాలా అని ఆలోచిస్తుంటే, ఎప్పుడో ఒక ఆగస్టు 15 నాడు ఒక పిల్లవాడు నన్ను అడిగిన ప్రశ్న గుర్తుకొచ్చింది. ఆనాడు సరిగా చెప్పలేకపోయిన జవాబునే ఇప్పుడు వ్యాసంగా రాస్తున్నాను.

ఆ ఏడాది గోడపత్రికలో మన ప్రాంత చరిత్ర అని ఒక మూలన నాలుగు వాక్యాలు రాయించాను. ఆత్మకూరు ప్రాంతంలోని అప్పంపల్లిలో 1947 అక్టోబరు 7న నిజాం పోలీసుల కాల్పుల్లో 11 మంది చనిపోయారన్నది అందులో ఒక వాక్యం. జెండా వందనం అయింది. మిఠాయిలు పంచుతున్నాం. ఏడో తరగతి పిల్లవాడొకడు చేతిలో మిఠాయి పట్టుకుని గోడపత్రిక ముందు నిలబడ్డాడు. "సార్, స్వాతంత్ర్యం ఆగస్టు 15కే వచ్చింది గదా. మరి అక్టోబర్ల వీళ్ళను ఎవరు కాల్చిండ్రు?" అన్నాడు.

"మనది అప్పుడు నిజాం రాజ్యం నాయనా" అని చెప్పి పంపించాను. వాడు తలూపి వెళ్ళిపోయాడు గానీ ఆ జవాబు వాడికీ చాలలేదు, నాకూ చాలలేదు. ఇంటికి వచ్చి వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఎర్రకోట మీద జెండా ఎగిరిన 53వ రోజున మన పక్క ఊళ్ళో అదే జెండా కోసం మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అంతవరకు ఎన్ని తరగతులకు బోస్టన్ టీ పార్టీ పాఠం చెప్పానో! 1773 డిసెంబరు 16 అని తేదీతో సహా పిల్లలచేత వల్లె వేయించాను. అప్పంపల్లి తేదీ మాత్రం ఏ తరగతిలోనూ చెప్పలేదు. ఆ లోపం నాదే.

మూడంతస్తుల పాలన

మన పెద్దలు ఎవరి మీద తిరగబడ్డారో తెలియాలంటే, ముందు వాళ్ళ మీద ఎవరెవరి పెత్తనం ఉండేదో తెలియాలి. కోస్తా రైతుకు కలెక్టరు రూపంలో తెల్లదొర కనిపించేవాడు. మన రైతుకు కనిపించేవాడు పటేలు, పట్వారీ. వాళ్ళ పైన గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం, గోపాలుపేట సంస్థానాల దొరతనం. ఆ పైన నిజాం. అందరికీ పైన, హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీలో బ్రిటిష్ రెసిడెంటు.

1798లో నిజాం సైన్య సహకార ఒప్పందానికి తలవంచాడు. రాజ్యాన్ని కాపాడేది కంపెనీ సైన్యం, దాని ఖర్చు నిజాముది. ఆ ఖర్చు కింద 1800లో రాయలసీమ జిల్లాలు పోయాయి. బాకీల కింద 1853లో బేరారు పోయింది. పైనుంచి కిందికి ఈ బరువు ఎలా దిగేదో చూడండి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గద్వాల సంస్థానం నిజాముకు కట్టే పేష్కషు ఏటా సుమారు 87 వేల రూపాయలు, వనపర్తిది సుమారు 77 వేలు. అది చివరికి రైతు కల్లంలోంచి రావలసిందే. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే సమయానికి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు బ్రిటిష్ ప్రభుత్వం "విశ్వాసపాత్రుడైన మిత్రుడు" అని బిరుదు ఇచ్చింది. మన నేల మీద వలస పాలన ముఖం కనిపించకుండా ఈ స్నేహం వెనుక ఉండిపోయింది.

సంస్థానాల గురించి ఒక మాట న్యాయంగా చెప్పాలి. హైదరాబాదు కచేరీల్లో మొదట ఫారసీ, తర్వాత ఉర్దూ రాజ్యమేలుతున్న కాలంలో తెలుగు కవులకు, పండితులకు నీడనిచ్చింది ఈ సంస్థానాలే. గద్వాలకు "విద్వద్గద్వాల" అన్న పేరు ఊరికే రాలేదు. తిరుపతి వేంకట కవులు అవధానాలు చేసి సత్కారాలు అందుకున్న ఆస్థానాలు ఇవి. కానీ ఆస్థానంలో పద్యానికి దొరికిన ఆదరణ, పొలంలో వెట్టి చేసేవాడి గోడుకు దొరకలేదు. ఈ రెండూ కలిపి చూస్తేనే మన చరిత్ర అవుతుంది.

ఒంటరి తిరుగుబాట్లు

తిరుగుబాట్లు మనచుట్టూ లేకపోలేదు. తుంగభద్రకు అవతల, కర్నూలు సీమలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కంపెనీ మీద తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వాన జనం హైదరాబాదు రెసిడెన్సీ మీద దాడి చేశారు. దివాను సాలార్‌జంగ్ బ్రిటిష్ వారి పక్షాన నిలిచాడు. దాడి విఫలమైంది. తుర్రేబాజ్ ఖాన్‌ను 1859లో తూప్రాను దగ్గర చంపేశారు. గద్వాలకు పడమర దిక్కున, కృష్ణకు ఎగువన ఉన్న సురపురం రాజు వెంకటప్ప నాయకుడు 1858లో తిరగబడ్డాడు. ఓడిపోయి, అదే ఏడాది బందీగానే ప్రాణం వదిలాడు. ఆయన సంస్థానాన్ని 1860లో బ్రిటిష్ వారు నిజాముకు కానుకగా ఇచ్చారు.

ఈ ముగ్గురి ధైర్యానికి కొదవలేదు. అయినా ఓడిపోయారు. నది ఒడ్డున ఒకరు, నగరంలో ఒకరు, కోటలో ఒకరు, ఎవరికి వారుగా పోరాడారు. ఉయ్యాలవాడలో ఏం జరిగిందో వనపర్తి రైతుకు తెలియజేసే పత్రిక లేదు. రెసిడెన్సీ మీద దాడి చేసినవాడి బాధా, నాగర్‌కర్నూలు పల్లెలో మోట కొట్టేవాడి బాధా ఒకటేనని చెప్పే సభ లేదు. అశాంతి ఉంది, దానికి ఉమ్మడి మాట లేదు. ఆ మాట పుట్టడానికి ఇంకో అరవై ఏళ్ళు పట్టింది.

మాట పుట్టిన రోజు

అది పుట్టింది ఒక అవమానంలోంచి. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని ప్రాంగణంలో సంఘ సంస్కరణ సభ జరుగుతోంది. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసాలు సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మొదలుపెట్టగానే సభలో గోల, ఎగతాళి. మాట్లాడనివ్వలేదు. రాజ్యంలో అత్యధికుల భాషకు రాజధానిలో దక్కిన మర్యాద అది.

ఆ రాత్రే కొందరు తెలుగువారు కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావుతో పాటు ఆ తొలి బృందంలో మన జిల్లావాడు బూర్గుల రామకృష్ణారావు ఉన్నారు. కల్వకుర్తి తాలూకా పడకల్లులో పుట్టి, అప్పటికి ఇంకా ఇరవై రెండేళ్ళ యువకుడాయన.

వాళ్ళు అడిగినవి ఎంత చిన్న విషయాలో గమనించండి. తెలుగులో చదువు చెప్పండి. గ్రంథాలయాలు పెట్టుకోనివ్వండి. వెట్టిచాకిరి ఆపండి. నిజాం దిగిపోవాలని గానీ, రాజ్యం మారాలని గానీ ఎవరూ అనలేదు. పైగా సభల్లో ప్రభువుల పట్ల విధేయత ప్రకటించడం మామూలే. వెట్టిని నిషేధిస్తూ 1920లలో ఫర్మానా కూడా వచ్చింది. ఫర్మానా అయితే వచ్చింది, ఊళ్ళలోకి మాత్రం రాలేదు. జనసంఘం వాళ్ళు చేసిన పని, ఆ సంగతులు తెలుగులో చిన్న పుస్తకాలుగా అచ్చువేసి ఊళ్ళకు పంపడం. చట్టం తన పక్షాన ఉందని తెలిసిన మనిషి అంతకుముందులా వంగి నిలబడడు. నా దృష్టిలో మన విప్లవానికి మొదటి మెట్టు అది.

మన నడిగడ్డ బిడ్డ

రెండో మెట్టు పత్రిక. నల్లగొండలో "నీలగిరి", ఇనుగుర్తిలో "తెనుగు" 1922లో పుట్టాయి. వాటి వెనుకే, గద్వాల సంస్థానపు నేలలో, ఇటిక్యాలపాడు కుటుంబంలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1926 మే 10న "గోలకొండ పత్రిక" మొదలుపెట్టారు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మన నడిగడ్డ మొత్తం తెలంగాణకు ఇచ్చిన గొంతు అది.

తెలంగాణలో కవులే లేరని ఎవరో రాస్తే ఆయన తిట్టుకుంటూ కూర్చోలేదు. ఊరూరికీ ఉత్తరాలు రాసి 354 మంది కవులను పోగుచేసి 1934లో "గోలకొండ కవుల సంచిక" వేశారు. పిల్లలకు నేను చెప్పే మాట ఒకటుంది. ఆ సంచికను సాహిత్యంగానే చూడకండి, జనాభా లెక్కగా కూడా చూడండి. "మేమూ ఉన్నాం, ఇంతమందిమి ఉన్నాం" అని ఒక జాతి తనను తాను లెక్కపెట్టుకోవడం రాజకీయమే.

1930లో జోగిపేటలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సమావేశానికి అధ్యక్షుడు కూడా ప్రతాపరెడ్డే. 1931లో దేవరకొండ సభకు బూర్గుల అధ్యక్షులు. 1936లో అయిదో మహాసభ మన జిల్లాలోని షాద్‌నగర్‌లోనే జరిగింది. ఆ రోజుల్లో సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 ప్రకారం ముందుగా సర్కారు అనుమతి తెచ్చుకోవాలి. రాజకీయం మాట్లాడమని హామీ ఇవ్వాలి. బాల్య వివాహాలు, వితంతు వివాహాలు, పాఠశాలలు, వెట్టి వంటి విషయాల మీద తీర్మానాలు చేసుకోవాలన్నా ఇంత తతంగం. మాట్లాడటానికే అనుమతి కావలసి వచ్చినప్పుడు, ఏది మాట్లాడినా రాజకీయమే అవుతుంది. సర్కారుకు ఈ సంగతి అర్థం కాలేదు.

కాదన్నకొద్దీ

అమెరికా పాఠం ఇక్కడ పనికొస్తుంది. అక్కడి వలసల ప్రజలు కూడా మొదట స్వాతంత్ర్యం అడగలేదు. 1775లో సైతం మూడో జార్జి రాజుకు విధేయతతో ఒక వినతిపత్రం పంపారు. చరిత్రలో దాన్ని ఆలివ్ కొమ్మ వినతిపత్రం అంటారు. రాజు దాన్ని అందుకోనే లేదు. ఏడాది తిరగకముందే స్వాతంత్ర్య ప్రకటన వచ్చింది. అర్జీ తిరిగొచ్చిన దారినే విప్లవం వస్తుంది. మన దగ్గరా అదే జరిగింది.

1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ ఏర్పాటవుతుంటే, అది పూర్తిగా పుట్టకముందే సెప్టెంబరులో సర్కారు నిషేధించింది. బాధ్యతాయుత ప్రభుత్వం కావాలన్నది దాని కోరిక, అదీ నిజాం ఛత్రచ్ఛాయలోనే. నిషేధం వచ్చాక అక్టోబరులో సత్యాగ్రహం మొదలైంది. అప్పుడే ఆర్యసమాజ సత్యాగ్రహం నడిచింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టళ్ళలో వందేమాతరం పాడిన విద్యార్థులను బయటికి పంపేశారు. వాళ్ళలో చాలామంది నాగపూరు వెళ్ళి చదువు పూర్తిచేశారు.

ఈ ఘట్టంలో గద్వాలది ప్రత్యేక స్థానం. గద్వాలలో పుట్టిన వావిలాల రామచంద్రరావును జైల్లో కొరడాలతో కొడితే దెబ్బదెబ్బకూ "వందేమాతరం" అన్నారు. జనం ఆయన ఇంటిపేరునే మార్చేశారు. ఆయన వందేమాతరం రామచంద్రరావు అయ్యారు. ఆయన సోదరుడు వీరభద్రరావుకూ అదే ఇంటిపేరు వచ్చింది. ఇంటిపేరు తరాల నుంచి వస్తుంది గానీ జైలు నుంచి రావడం మన గద్వాలలోనే చూశాం.

ఒక పక్క పట్నాల్లో ఇది జరుగుతుంటే, మరో పక్క ఆంధ్ర మహాసభ పల్లెల్లోకి దిగింది. 1944 భువనగిరి సభలో అది రెండుగా చీలింది. రావి నారాయణరెడ్డి నాయకత్వాన రైతుకూలీల సంఘంగా మారిన వర్గం వెట్టినీ, భూమినీ ముందుకు తెచ్చింది. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగాక నల్లగొండ, వరంగల్లు పల్లెలు సాయుధ పోరాటం పట్టాయి. తర్వాతి రోజుల్లో ఆ దళాలు మన అమ్రాబాదు అడవుల్లోకీ, నల్లమలలోకీ వచ్చాయి.

పాతికేళ్ళలో ఎంత దూరం వచ్చామో చూడండి. 1921లో "తెలుగులో మాట్లాడనివ్వండి" అన్నవాళ్ళు 1946కల్లా "ఈ రాజ్యమే వద్దు" అన్నారు. ప్రతి మెట్టు మీదా అడిగింది చిన్నదే. కాదన్నందుకే తర్వాతి మెట్టు పెద్దదైంది.

అప్పంపల్లి

1947 జూన్‌లో నిజాం ఫర్మానా వచ్చింది. బ్రిటిష్ వారు వెళ్ళిపోయాక హైదరాబాదు ఎవరిలోనూ కలవదు, స్వతంత్రంగా ఉంటుందని. నూటయాభై ఏళ్ళు వేరొకరి సైన్యం నీడన నిలిచిన రాజ్యం, ఆ నీడ తొలగిపోతున్న రోజున స్వతంత్రం ప్రకటించుకుంది. స్వామి రామానంద తీర్థ నాయకత్వంలో స్టేట్ కాంగ్రెస్ ఆగస్టు 7న ఇండియన్ యూనియన్‌లో చేరాలన్న ఉద్యమం ప్రారంభించింది. ఆగస్టు 15న హైదరాబాదులో జెండా ఎగరేసినందుకు స్వామీజీని అరెస్టు చేశారు. అంటే దేశమంతా పండుగ చేసుకున్న రోజు, మన రాజ్యంలో జెండా పట్టుకోవడం నేరం.

ఉద్యమం పల్లెలకు పాకింది. ఆత్మకూరు ప్రాంతంలో బెల్లం నాగన్న వంటి కార్యకర్తలు జనాన్ని కూడగట్టారు. అక్టోబరు 7న అప్పంపల్లికి పోలీసులు వచ్చారు. ఊరు అడ్డం నిలిచింది. తుపాకులు పేలాయి. 11 మంది చనిపోయారు. వాళ్ళలో సేద్యగాళ్ళున్నారు, కులవృత్తులవాళ్ళున్నారు, దళితులున్నారు. జలియన్‌వాలాబాగ్‌తో పోల్చి మనవాళ్ళు ఈ ఘటనను చెప్పుకోవడం అందుకే.

సంఖ్య చిన్నదే అనిపించవచ్చు. కానీ ఆ జనం ఎవరో చూడండి. ఉయ్యాలవాడ కాలంలో ఎవరి బాధ వారిదిగా ఉన్న మనుషులే వీళ్ళ తాత ముత్తాతలు. నూరేళ్ళ తర్వాత, వేర్వేరు కులాలవాళ్ళు, వేర్వేరు పనులవాళ్ళు ఒకే ఊరి దారిలో ఒక్కటిగా నిలబడ్డారు. అశాంతి విప్లవమైందనడానికి నాకు ఇంతకన్నా పెద్ద గుర్తు కనిపించదు. ఢిల్లీలో ఒప్పందాలు మారడం పుస్తకాల్లో దొరుకుతుంది. పక్కవాడి కోసం నిలబడాలని ఊరంతా అనుకోవడం అంత తేలిగ్గా దొరకదు.

ఆ పైన 1947 నవంబరు 29న యథాతథ ఒప్పందం, రజాకార్ల ఆగడాలు, తుంగభద్ర దాటి కర్నూలులో తలదాచుకున్న కుటుంబాలు, అక్కడి సరిహద్దు శిబిరాలు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. 17న నిజాం లొంగిపోయాడు.

గెలిచాక

సెప్టెంబరు 17ను ఏమని పిలవాలన్నదాని మీద విమోచనమా, విలీనమా, సమైక్యతా అని ఇప్పటికీ వాదనలున్నాయి. ఏ పేరు పెట్టినా, చెప్పకుండా దాటేయకూడని సంగతి ఒకటుంది. సైనిక చర్య సమయంలో, ఆ తర్వాతి రోజుల్లో, రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లిం కుటుంబాలు ఎన్నో హింసకు గురయ్యాయి. కేంద్రం పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ ఆ సంగతిని నమోదు చేసింది. రెసిడెన్సీ మీదికి వెళ్ళిన తుర్రేబాజ్ ఖాన్‌ను మన వీరుడిగా చెప్పుకునే మనం, ఈ సంగతిని కూడా చెప్పుకోగలగాలి. నా క్లాసులో హిందువుల పిల్లలూ ముస్లింల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చునేవారు. ఇద్దరి ముఖాలూ చూస్తూ చెప్పగలిగిన చరిత్రే నిలుస్తుంది.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1952 ఎన్నికల్లో బూర్గుల హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. సురవరం వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. మరుసటి ఏడాదే కన్నుమూశారు. ఆయన రాసిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"కు తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. రాజుల కథలు పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఎలా బతికారని రాసిన పుస్తకం అది. 1956లో గద్వాల, ఆలంపూర్ తాలూకాలు రాయచూరు జిల్లా నుంచి విడివడి మహబూబ్‌నగర్‌లో చేరాయి.

గద్వాల కోటలో ఇప్పుడు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట డిగ్రీ కళాశాల నడుస్తోంది. వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ వెలసింది. మనలో ఎందరో ఆ గుమ్మాల్లోంచి పుస్తకాలు పట్టుకుని లోపలికి వెళ్ళినవాళ్ళమే. మన ముత్తాతలు ఆ గుమ్మాల ముందు తలపాగా తీసి నిలబడ్డారు. విప్లవం మనకేమిచ్చిందని ఎవరైనా అడిగితే నేను ఈ గుమ్మాలనే చూపిస్తాను. వెట్టి పోయింది గానీ వలస పోలేదు, పాలమూరు కూలీ అన్న మాట పోవడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. ఆ లెక్క కూడా మరవకూడదు.

నాటి పిల్లవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. ఈ సంచిక వాడి చేతికి అందితే నా జవాబు ఇది. నాయనా, స్వాతంత్ర్యం అందరికీ ఒకే రోజు రాలేదు. మనకు పదమూడు నెలలు ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యానికి ధర చెల్లించినవాళ్ళలో అప్పంపల్లి వాళ్ళు పదకొండు మంది ఉన్నారు.

సంఘం మిత్రులకు చివరగా ఒక మనవి. ఆ రోజులు కళ్ళారా చూసినవాళ్ళు ఇప్పుడు మన ఊళ్ళలో ఎక్కడో ఒకరిద్దరు మిగిలి ఉంటారు. వాళ్ళు చెప్పగా విన్న కొడుకులు, కోడళ్ళు మాత్రం ఉన్నారు. మనలో ఒక్కొక్కరం మన ఇంట్లో విన్నదాన్ని ఒక్క పేజీ రాసి బడి గ్రంథాలయానికి ఇద్దాం. వచ్చే అక్టోబరు 7న ప్రార్థన సమయంలో ఆ పేజీల్లో ఒకదాన్ని ఒక పిల్లవాడి చేత చదివిద్దాం. బోస్టన్ పాఠం అలాగే ఉండనీ, దాని పక్కన మన పాఠం కూడా ఉండాలి.